రూలిన్ నీలికోటు: వాన్ గో పోర్ట్రెయిట్ నకలు డైరీ

డచ్ చిత్రకారుడు విన్సెంట్ వాన్ గో వేసిన, ఫ్రాన్స్ తపాలా ఉద్యోగి జోసెఫ్ రూలిన్ బొమ్మను నూనెరంగుల్లో, అసలు సైజులోనే నకలు తీసిన పని ఇది. ఇదే పని పెట్టుకునేవాళ్లకి కావలసిన కొలతలు, రంగుల పాళ్లు, ఎక్కడ చెడింది, దేన్ని ఎందుకు మార్చాల్సి వచ్చింది, అన్నీ రాశాను. ఖర్చు ప్రతి దశ చివర కలుపుకుంటూ వెళ్లాను.

దశ 1: ఏ రూలిన్?

రూలిన్‌ని వాన్ గో రంగుల్లో ఆరుసార్లు వేశాడు. కుర్చీలో కూర్చుని రెండు చేతులూ కనిపించే మొదటిది (1888 వేసవి) బోస్టన్‌లో ఉంది. అదే వేసవిలో వేసిన తల బొమ్మ డెట్రాయిట్‌లో, ఆ ఏడాది చివర్లో వేసిన ఇంకొకటి స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థుర్‌లో ఉన్నాయి. వెనక పూలున్న మూడూ 1889వి. వాటిలో ఒకటి న్యూయార్క్‌లోని మోమా (మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్)లో, ఒకటి ఫిలడెల్ఫియా బార్న్స్ ఫౌండేషన్‌లో, ఒకటి నెదర్లాండ్స్‌లోని క్రోలర్-మ్యూలర్ మ్యూజియంలో ఉన్నాయి.

నేను పట్టుకున్నది మోమా బొమ్మ. ఎత్తు 64.4 సెం.మీ., వెడల్పు 55.2 సెం.మీ. ఇందులో చేతులు లేవు. మనిషి ఎదురుగా, నిటారుగా ఉంటాడు. కోటు, టోపీ, గడ్డం, మొహం, వెనక పూలు, అంతే. మొదటిసారి నకలు తీసేవాళ్లకి ఇదే నయం.

మొదలుపెట్టేముందు ఒక జాగ్రత్త. పూలున్న మూడు బొమ్మలూ చూడగానే ఒకేలా ఉంటాయి. గడ్డం ఒకదాన్నుంచి, పూలు ఇంకోదాన్నుంచి తీసుకుంటే నకలు ఎటూ కాకుండా పోతుంది.

1. మ్యూజియం సొంత సైట్‌లో ఉన్న పెద్ద ఫొటో మాత్రమే దింపుకోండి.
2. ఫొటోలో ఎత్తుని వెడల్పుతో భాగించండి. 1.167 దగ్గర రావాలి. రాలేదంటే ఎవరో అంచులు కత్తిరించారు, లేదా అది వేరే బొమ్మ.
3. మ్యాట్ కాగితం మీద రెండు ప్రింట్లు తీయించండి. ఒకటి గళ్లు గీయడానికి, ఒకటి రంగు చూడడానికి.

రెండు ప్రింట్లూ ఒకే షాపులో, ఒకే ఫైలు నుంచి తీయించాను. అయినా ఒకదానిలో వెనక పచ్చ నీలం వైపు వెళ్లింది. అందుకని ప్రింటుని గీతలకే వాడుకున్నాను. రంగు కోసం ట్యాబ్‌ని కిటికీ దగ్గర పెట్టి, బ్రైట్‌నెస్ ఒకే చోట ఉంచి, నైట్ మోడ్ ఆపేసి చూశాను. రాత్రి ట్యూబ్‌లైట్ కింద కలిపిన పచ్చ తెల్లారి వేరే పచ్చ అయింది. అప్పటినుంచి రంగు కలిపే పని పగటి వెలుతురులోనే.

ఖర్చు: ప్రింట్లు ₹240.
మొత్తం: ₹240.

దశ 2: ఫ్రేమ్, కాన్వాస్, పూత

పారిస్ లూవ్ర్‌లో కూర్చుని నకళ్లు తీసేవాళ్లకి ఒక నియమం ఉంది. నకలు అసలు సైజులో ఉండకూడదు, ఐదో వంతు చిన్నదో పెద్దదో కావాలి. నకలుని అసలుగా చెలామణీ చేయకుండా ఆ జాగ్రత్త. మంచి పద్ధతే కదా అని మొదటి కాన్వాస్ 51.5 × 44.2 సెం.మీ.కి కట్టించాను.

ఈ బొమ్మకి అది పనిచేయలేదు. కారణం కుంచె. వాన్ గో గీత వెడల్పుని కుంచె వెడల్పే నిర్ణయిస్తుంది. బొమ్మని 4/5కి తగ్గిస్తే ప్రతి గీతా 4/5కి తగ్గాలి. రంగు మందం కూడా అంతే. నా దగ్గరున్న 8వ నంబరు చదును కుంచెతో వేస్తే గడ్డంలో చుట్టలు పట్టలేదు. 6వ నంబరుతో వేస్తే పట్టాయి కానీ రంగు మోత తగ్గి గీతలు బక్కచిక్కాయి. నునుపుగా వేసే పాత ఇటాలియన్ బొమ్మలకి ఐదో వంతు తేడా పెద్ద విషయం కాదు. గీత గీతగా కట్టిన బొమ్మకి మాత్రం అది వేరే బొమ్మ అయిపోతుంది.

అందుకే అసలు సైజుకే వచ్చాను. దొంగ నకలు కాకుండా ఉండడానికి కాన్వాస్ వెనక బట్ట మీదే చెరగని ఇంకుతో "నకలు" అని, సంవత్సరంతో సహా రాశాను. చిన్న కాన్వాస్ పారేయలేదు. రంగులు పరీక్షించడానికి అదే పలక అయింది.

ఫ్రేమ్ మా వీధి చివర కార్పెంటర్ దగ్గర చేయించాను. అరవై నాలుగున్నర, యాభై ఐదు అని రౌండు చేస్తానన్నాడు.

"అర సెంటీమీటరుకి ఏమవుద్దండీ?"

"గళ్లు కుదరవు బాబాయ్. మిల్లీమీటరు కూడా వదలొద్దు."

నా పట్టుదలకి కారణం దశ 3లో ఉంది. ఫ్రేమ్ తెచ్చుకునేటప్పుడు రెండు కర్ణాలూ (ఎదురెదురు మూలల మధ్య దూరం) కొలవండి. రెండూ 84.8 సెం.మీ. దగ్గర సమానంగా రావాలి. నాది ఒకవైపు 4 మి.మీ. ఎక్కువ వచ్చింది. కాన్వాస్ బిగించకముందే మూలలు తట్టించి సరిచేయించాను. బిగించాక తెలిస్తే చేసేదేమీ ఉండదు.

గెస్సో పూత (రంగు పట్టడానికి బట్ట మీద ముందుగా వేసే తెల్ల పూత):

1. గెస్సో 3 పాళ్లు, నీళ్లు 1 పాలు. మొదటి పూత అడ్డంగా.
2. ఆరాక సన్న ఉప్పు కాగితంతో తేలిగ్గా రుద్ది, రెండో పూత నిలువుగా.
3. మూడో పూత మళ్లీ అడ్డంగా. ఈసారి నీళ్లు కలపకూడదు.

చిన్న కాన్వాస్‌కి రెండు పూతలతో ఆపాను. బెజవాడ మే నెల ఎండకి పూత క్షణాల్లో ఆరిపోయి, అయిపోయిందనిపించింది. దాని మీద వేసిన నీలం తెల్లారేసరికి మచ్చలు మచ్చలుగా వెలవెలబోయింది. పూత పలచగా ఉంటే రంగులోని నూనెని బట్ట తాగేస్తుంది, పైన పొడి రంగు మిగులుతుంది. మూడో పూత వేశాక ఆ గొడవ పోయింది.

ఈ బొమ్మలు వేసిన దక్షిణ ఫ్రాన్స్ ఊరు ఆర్ల్‌లో వాన్ గో ఎక్కువగా పూత వేసి అమ్మే కాన్వాస్ చుట్టలే తెప్పించుకునేవాడు. 1888 చివర్లో తోటి చిత్రకారుడు గొగాన్ వచ్చి ముతక జనపనార బట్ట కొన్నాక ఇద్దరూ కొన్నాళ్లు దాని మీదా వేశారు. మన దగ్గర గోనెసంచి చూసి ఉత్సాహపడొద్దు, ఆ నేత మీద మొహం పట్టదు.

ఖర్చు: చిన్న ఫ్రేమ్ ₹480, పెద్ద ఫ్రేమ్ ₹620, నూలు కాన్వాస్ ₹600, గెస్సో ₹520, ఉప్పు కాగితం ₹40. కలిపి ₹2,260.
మొత్తం: ₹2,500.

దశ 3: గళ్లు, గీత

64.4ని 14తో భాగిస్తే 4.6. 55.2ని 12తో భాగించినా 4.6. అంటే ఈ బొమ్మ మీద 4.6 సెం.మీ. చదరపు గళ్లు నిలువున 14, అడ్డంగా 12, ఒక్క మిల్లీమీటరు మిగలకుండా సరిపోతాయి. మొత్తం 168 గళ్లు. కార్పెంటర్‌తో పేచీ పడింది ఇందుకే.

1. అంచుల మీద 4.6 సెం.మీ.కి ఒక గుర్తు. ప్రతిసారీ సున్నా నుంచే కొలవండి. గడి పక్కన గడి కొలుచుకుంటూ పోతే తప్పు పేరుకుంటుంది.
2. గుర్తుల మధ్య బొగ్గుపొడి రాసిన దారం లాగి వదలండి. పెన్సిల్ గీత నూనెరంగులోంచి కొన్నేళ్లకి పైకి కనబడుతుంది.
3. ముందు మొహం మధ్యరేఖ, టోపీ అంచు, భుజాలు, గడ్డం కొస. ఈ నాలుగూ కుదిరాకే మిగతావి.
4. కుదిరిన గీతని పలచటి నీలి అక్రిలిక్‌తో సన్న కుంచెతో గట్టిచేసి, బొగ్గు తుడిచేయండి.

మొదటిసారి గీసినప్పుడు రూలిన్ పొడుగు మొహం మనిషయ్యాడు. గళ్లతో సరిచూస్తే కళ్ల కింద గీతలన్నీ సరిగ్గానే ఉన్నాయి, టోపీయే పావు గడి పైకి వెళ్లింది. తప్పు నా కంటిది. టోపీ కింద మామూలుగా ఉండాల్సినంత నుదురు ఊహించుకుని గీశాను. బొమ్మలో టోపీ బాగా కిందికి దిగి ఉంటుంది, నుదురు ఇంతే కనిపిస్తుంది. మనిషి బరువంతా కళ్లూ గడ్డం మీదికి వస్తుంది. టోపీ 1.2 సెం.మీ. కిందికి దించగానే మొహానికి ఆ మొండి స్థిరత్వం వచ్చింది.

ఖర్చు: బొగ్గు, దారం, అక్రిలిక్ నీలం ₹190.
మొత్తం: ₹2,690.

దశ 4: కోటు

ఈ బొమ్మ చూసినవాళ్లంతా గడ్డం గురించే మాట్లాడతారు. వేసేటప్పుడు నన్ను ఎక్కువ ఏడిపించింది కోటు. కాన్వాస్‌లో పెద్ద భాగం అదే. అక్కడ చుట్టలు లేవు, పూలు లేవు, నీలం ఒక్కటే. ఆ నీలం నిలబడకపోతే పైన ఎంత మంచి మొహం పెట్టినా గాలిలో తేలుతుంది.

మొదటి పూత అల్ట్రామెరైన్ నీలం, తెలుపు. ఊదా రంగు వచ్చింది, స్కూల్ యూనిఫాంలా. గీకేశాను.

రెండో పూత ప్రష్యన్ బ్లూ, తెలుపు. ప్రష్యన్ బ్లూతో పనిచేయనివాళ్లకి ఒక హెచ్చరిక. చెంచాడు తెలుపుకి ఆవగింజంత చాలు. శనగగింజంత వేస్తే తిరిగి లేతగా చేయడానికి ఒక ట్యూబు తెలుపు ఖర్చవుతుంది. నాకు అయింది. పైగా ఆ నీలం పచ్చదనానికి తిరిగి వెనక ఉన్న పచ్చలో కలిసిపోయింది. మళ్లీ గీకేశాను.

మూడోది కుదిరింది:

1. కోటు ఒళ్లంతా: కోబాల్ట్ నీలం 4 పాళ్లు, తెలుపు 2, విరిడియన్ అనే పచ్చ అర పాలు.
2. మడతల నీడ: కోబాల్ట్ 3, అల్ట్రామెరైన్ 1, తెలుపు లేదు.
3. అంచు గీతలు: అల్ట్రామెరైన్‌లో కొద్దిగా ప్రష్యన్. టర్పెంటైన్ రెండు చుక్కలు.
4. అంచు గీత ముందు వేసి, అది కొంచెం పట్టుకున్నాక ఒంటి నీలాన్ని గీత దాకా తెచ్చి ఆపాలి. గీత మీదికి ఎక్కితే కోటు ఆకారం పోతుంది.

రంగు సరిగ్గానే వచ్చింది, అయినా కోటు చచ్చినట్టుంది. ఏమైందో తెలియక రెండు రోజులు గోడకి ఆనించి పెట్టాను. మా బాబాయి రైల్వే మెయిల్ సర్వీసులో చేసి రిటైరయ్యారు. ఊళ్లో పనుండి వచ్చి, చెప్పులు విప్పుతూనే చూశారు.

"ఎవర్రా ఈయన?"

"ఫ్రాన్స్‌లో పోస్టల్ ఉద్యోగి బాబాయ్. వాన్ గో వేసిన బొమ్మ."

"ఇంటింటికీ ఉత్తరాలిచ్చే ఆయనా?"

"కాదు. ఆర్ల్ స్టేషన్‌లో టపా సంచులు దింపి ఎక్కించే పని."

"మా పనే అన్నమాట." దగ్గరికి వచ్చి వంగి చూశారు. "ఈ కోటు ఇప్పుడే ఇస్త్రీ చేసినట్టుందిరా. సంచులు ఎత్తేవాడి కోటు ఇక్కడ లాగుతుంది," అని నా భుజం దగ్గర చొక్కా పట్టుకుని లాగి చూపించారు. "ఇక్కడ, చంక దగ్గర. బొత్తాల దగ్గర కూడా."

ఫొటో పెద్దది చేసి చూశాను. కోటులో గీతలన్నీ ఒకే దిక్కున లేవు. భుజం మీద ఏటవాలుగా దిగుతాయి, ఛాతీ మీద బొత్తాల వైపు వంగుతాయి. నేను గోడకి సున్నం కొట్టినట్టు పైనుంచి కిందికి లాగేశాను. గీకకుండా, అదే రంగుతో గీతల దిక్కు మాత్రం మార్చి పైన మళ్లీ వేశాను. రంగు పాళ్లలో చుక్క కూడా తేడా లేదు. లోపల మనిషి కూర్చున్నాడు.

రూలిన్ జీతం గురించి వాన్ గో ఉత్తరంలో ఉంది: నెలకి 135 ఫ్రాంకులు, దానితోనే ముగ్గురు పిల్లల్ని పెంచుతున్నాడని. బొమ్మకి కూర్చున్నందుకు డబ్బు తీసుకోలేదు, వాన్ గోతో కలిసి తిని తాగాడు. 1888 డిసెంబరులో వాన్ గో చెవి కోసుకుని ఆసుపత్రి పాలైనప్పుడు వెళ్లి చూసుకున్నది, తమ్ముడు తెయోకి కబురు రాసింది ఈయనే. జనవరిలో మార్సేయికి బదిలీ అయింది. ఈ కోటు అంత బరువుగా ఎందుకు ఉండాలో ఇవన్నీ చదివాక నాకు ఇంకా బాగా పట్టింది.

ఖర్చు: తెలుపు 4 ట్యూబులు ₹1,040, కోబాల్ట్ ₹720, అల్ట్రామెరైన్ ₹280, ప్రష్యన్ ₹280, విరిడియన్ ₹420, పందివెంట్రుకల చదును కుంచెలు 5 ₹650, లిన్సీడ్ నూనె, టర్పెంటైన్ ₹330. కలిపి ₹3,720.
మొత్తం: ₹6,410. తెలుపు: 4 ట్యూబుల్లో 2 ఖాళీ.

దశ 5: వెనక పచ్చ, పూలు

వాన్ గో కాలంలో వాడిన ఎమరాల్డ్ గ్రీన్‌లో రాగితో పాటు ఆర్సెనిక్ ఉండేది. విషం. ఇప్పుడు అదే పేరుతో దొరికే ట్యూబులో ఆ పదార్థం ఉండదు. అందుకని పేరు చూసి కొనకుండా కలుపుకున్నాను: విరిడియన్ 1, లెమన్ ఎల్లో 1, తెలుపు 4. విరిడియన్ బదులు థాలో గ్రీన్ కొంటే చవకే. కానీ దాని ఘాటు ప్రష్యన్ కంటే తక్కువేమీ కాదు, పచ్చ ప్లాస్టిక్ రంగులోకి వెళ్తుంది.

పూల విషయంలో ఒక నిర్ణయం తీసుకోవాలి. ఆయన ఇష్టంగా వాడిన జెరేనియం లేక్ అనే ఎరుపు వెలుతురుకి వెలిసిపోయేది. పడకగది బొమ్మలో ఊదా గోడలు నీలంగా మారింది, 1890 నాటి గులాబీలు తెల్లబడింది ఇలాంటి ఎరుపు వెలిసిపోవడం వల్లే. వెలవకముందు ఎలా ఉండేదో ఊహించి వేయాలా, ఇప్పుడు కనబడేది వేయాలా? నేను ఇప్పుడు కనబడేదే వేశాను. ఊహించి వేస్తే అది ఇంక నకలు కాదు. గులాబీ రంగు కోసం మాత్రం వెలవని క్వినాక్రిడోన్ రోజ్ కొన్నాను.

పూలు మొదట చాలా శుభ్రంగా, రేకు రేకు వేశాను. చీర అంచులా అందంగా వచ్చాయి, రూలిన్ వెనక్కి పోయాడు. ఇక్కడ ఆయన ఉద్దేశం గుర్తుచేసుకోవాలి. పాతకాలం బొమ్మల్లో సాధువుల తల వెనక వెలుగు చక్రం పెట్టి చూపించిన శాశ్వతత్వాన్ని తాను రంగుల కదలికతో మామూలు ఆడా మగా మనుషుల్లో చూపించాలని 1888 సెప్టెంబరులో తెయోకి రాశాడు. స్టేషన్‌లో సంచులు మోసే మనిషి తల వెనక ఈ పచ్చ, ఈ పూలు ఉన్నది అందుకే అని నేను నమ్ముతున్నాను. అవి విడిగా చూడాల్సినవి కావు, తల చుట్టూ కదులుతుండాలి.

మార్చినవి:

1. పూలన్నీ గీకి, పచ్చ తడి మీదే మళ్లీ వేశాను. అంచులు కొంచెం పచ్చలో కలుస్తాయి.
2. ఒక్కో రేకుకి ఒక్క అదుము. దిద్దడం లేదు.
3. టోపీకి 2 సెం.మీ. దగ్గరున్న పూలలో తెలుపు తగ్గించాను, లేకపోతే టోపీ అంచుతో పోటీ పడతాయి.

ఖర్చు: లెమన్ ఎల్లో ₹300, క్వినాక్రిడోన్ రోజ్ ₹420.
మొత్తం: ₹7,130.

దశ 6: మొహం

మొహంలో పచ్చ ఉంటుంది. కళ్ల చుట్టూ, చెంప పక్కన, ముక్కు పక్కన. దూరం నుంచి చూస్తే ఎండకి కమిలిన మొహం, దగ్గరికి వెళ్తే పచ్చ, ఎరుపు, పసుపు గీతలు. ఎరుపు పక్కన పచ్చ పెడితే రెండూ ఒకదాన్నొకటి పైకి లేపుతాయి. ఫ్రెంచి కళావిమర్శకుడు శార్ల్ బ్లాం రాసిన ఈ రంగుల సిద్ధాంతం వాన్ గో చదివి ఒంటబట్టించుకున్నాడు.

ఒంటి రంగు కలిపి, దాని మీద పచ్చ వేసి, కుంచెతో అంచు మెత్తగా చేశాను. బురద. ఎరుపూ పచ్చా కలిస్తే గోధుమ బూడిదే వస్తుంది, రంగు తప్పేమీ లేదు. మళ్లీ చేసినప్పుడు పద్ధతి మార్చాను.

1. ప్యాలెట్ మీద మూడు ముద్దలు విడివిడిగా: లేత ఒంటి రంగు (తెలుపు, పసుపు ఓకర్, చిటికెడు కాడ్మియం ఎరుపు), ఎరుపు (కాడ్మియం, ఓకర్), పచ్చ (విరిడియన్, ఓకర్, తెలుపు).
2. ప్రతి గీతకీ కుంచె గుడ్డకి తుడవాలి. కడగొద్దు, టర్పెంటైన్ తడి రంగుని పలచన చేస్తుంది.
3. గీత పక్కన గీత. ఒకసారి పెట్టాక దాన్ని తాకొద్దు.
4. రెండున్నర మీటర్ల దూరం నడిచి చూసి, తర్వాతి గీత.

నాలుగోదే అసలు పని. దగ్గర నిలబడి వేస్తే పచ్చ ఎక్కువైనట్టు ప్రతిసారీ అనిపిస్తుంది, తగ్గించాలనిపిస్తుంది. దూరం వెళ్తే సరిపోయిందని తెలుస్తుంది. నేలమీద రంగు టేపు అతికించి అక్కడి నుంచే చూశాను.

కళ్లు: కుడి కన్ను, ఎడమ కన్ను ఒకేలా లేవు. సరిచేద్దామన్న కోరిక ఆపుకోండి. గడిలో ఎలా ఉందో అలాగే వేయండి. రెండూ సమానం చేసిన మరుక్షణం పాస్‌పోర్టు ఫొటో అవుతుంది.

కూర్చోవడం గురించి ఒక మాట. మొదటిసారి రూలిన్ మరీ బిగుసుకుని కూర్చున్నాడని, అందుకే రెండో బొమ్మ ఒకే విడతలో వేశానని వాన్ గో తన స్నేహితుడు బెర్నార్‌కి రాశాడు. ఆ బిగువు మోమా బొమ్మలోనూ కొంత ఉందని నాకనిపిస్తుంది. యూనిఫాం వేసుకుని ఫొటోకి నిలబడే ఎవరికైనా వచ్చే బిగువే అది. నవ్వు పెదవి దగ్గరికి రానివ్వకండి.

ఖర్చు: కాడ్మియం ఎరుపు ₹780, పసుపు ఓకర్ ₹220.
మొత్తం: ₹8,130. తెలుపు: 4 ట్యూబుల్లో 3 ఖాళీ.

దశ 7: గడ్డం

రంగు జారుగా ఉంటే చుట్టలు బాగా తిరుగుతాయని ముందు లిన్సీడ్ నూనె కలిపాను. చుట్టలు తిరిగాయి. వారానికి పైన తోలులా పొర కట్టి ముడతలు పడింది. టూత్‌పిక్‌తో గుచ్చితే లోపల ఇంకా మెత్తగా ఉంది. లిన్సీడ్ నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడుతుంది. మందం ఎక్కువ, నూనె ఎక్కువ అయితే గాలి తగిలే పైపొర ముందు గట్టిపడి ఉబ్బుతుంది, అడుగు కదులుతూనే ఉంటుంది. ముడత పడేది అందుకే. మొత్తం గడ్డాన్ని కత్తితో ఎత్తేశాను. అడుగున బొమ్మ గీత చెదరలేదు, అక్రిలిక్ వేసిన ఫలితం అప్పుడు తెలిసింది.

రెండోసారి నూనె పెంచడానికి బదులు తగ్గించాను.

1. ట్యూబు రంగుని ప్యాకింగ్ అట్ట మీద పిండి గంటసేపు వదిలేయండి. అట్ట చుట్టూ నూనె మరక పాకుతుంది.
2. మిగిలిన ముద్ద వెన్నలా గట్టిగా ఉంటుంది. అదే కుంచెకి ఎత్తుకోవాలి.
3. ముందు ముదురు: బర్న్ట్ సియెన్నా (ఎర్ర గోధుమ రంగు), అల్ట్రామెరైన్. పలచగా, గడ్డం మొత్తం.
4. పైన చుట్టలు: ఓకర్, పచ్చ కలిపిన ఓకర్, లేత గులాబీ, కొద్దిగా తెలుపు. బుగ్గ దగ్గర మొదలుపెట్టి కిందికి.
5. గడ్డం కింద రెండుగా చీలే చోట ముదురు వదిలేయాలి. దాన్ని నింపితే గడ్డం దిండు అవుతుంది.

ఒక చుట్టకి ఒకే ఊపు. మణికట్టు కాకుండా మోచేయి తిప్పాలి. పరీక్ష పలక మీద మణికట్టుతో తిప్పిన చుట్టలు కామాల్లా తోకలు తేలాయి, మోచేతితో తిప్పినవి నిండుగా వచ్చాయి. ఎత్తైన చోట రంగు మందం 2 మి.మీ. వచ్చింది. అంతకంటే పెంచలేదు. గడ్డంలో జింక్ వైట్ వాడలేదు, మందంగా వేస్తే పెళుసుబారి పగులుతుంది. టైటానియం తెలుపే వాడాను.

నూనె తీసిన రంగు త్వరగా పట్టుకుంది, ముడత లేదు. దీనికి మాత్రం తెలుపు బోలెడు తాగుతుంది. ఆర్ల్ నుంచి తెయోకి పంపిన రంగుల జాబితాలో పెద్ద ట్యూబుల తెలుపు అన్నేసి ఎందుకు అడిగేవాడో చేత్తో చేస్తేనే అర్థమవుతుంది.

ఖర్చు: బర్న్ట్ సియెన్నా ₹220, తెలుపు మరో 2 ట్యూబులు ₹520, ప్యాలెట్ కత్తి ₹180.
మొత్తం: ₹9,050. తెలుపు: 6 ట్యూబుల్లో 5 ఖాళీ.

దశ 8: టోపీ మీద అక్షరాలు, బొత్తాలు

టోపీ ముందు తపాలా శాఖ పేరు, ఆరు రోమన్ అక్షరాలు, బంగారు పసుపులో. చిన్న పని అనుకుంటాం. మొదట వరసగా ఒకే ఎత్తులో రాస్తే షాపు బోర్డులా వచ్చింది, టోపీకి అతికించిన చీటీలా కనిపించింది. తడిగా ఉండగానే తుడిచేశాను. కింద నీలం పూర్తిగా ఆరింది కాబట్టి తుడవగలిగాను. తడి నీలం మీద వేసి ఉంటే పచ్చగా మారేది.

1. టోపీ వంపుకి సమాంతరంగా పైన ఒక గీత, కింద ఒక గీత బొగ్గుతో.
2. మధ్య అక్షరాలు వెడల్పుగా, చివరి రెండు వైపులా ఇరుకుగా. టోపీ గుండ్రం కదా.
3. 2వ నంబరు గుండ్రటి కుంచె. కాడ్మియం పసుపు, చిటికెడు ఓకర్. అక్షరానికి రెండు మూడు అదుములు.
4. వెలుతురు తగిలే చోట మాత్రమే పైన లెమన్ ఎల్లో చుక్క.

బొత్తాలకీ ఇదే రంగు. ఒక్కో బొత్తం గుండ్రంగా గీయకుండా పసుపు అదుము ఒకటి, కింద ముదురు నీలం అర్ధచంద్రం ఒకటి. బాబాయి చెప్పిన లాగుడు బొత్తాల దగ్గర ఇంకా తక్కువగా ఉందనిపించి, రెండు బొత్తాల మధ్య నీడ గీతని 3 మి.మీ. పొడిగించాను.

ఖర్చు: కాడ్మియం పసుపు చిన్న ట్యూబు ₹420, కుంచె ₹90.
మొత్తం: ₹9,560.

దశ 9: ఆరబెట్టడం

ఫ్యాన్ కింద పెట్టొద్దు, గడ్డం గాళ్లలో దుమ్ము ఇరుక్కుంటుంది. గోడకి మొహం తిప్పి, అడుగున రెండు ఇటుకలు పెట్టి, పైన పలచటి గుడ్డ. వానాకాలం వచ్చేసరికి వెనక గోడకి బొమ్మకి మధ్య జానెడు ఖాళీ ఉంచాను, చెమ్మ తగిలితే బట్ట వెనక బూజు పడుతుంది.

లిన్సీడ్ నూనె తుడిచిన గుడ్డలు ముద్దగా చుట్టి మూల పడేయొద్దు. ఆరేటప్పుడు వేడి పుట్టి వాటంతట అవే అంటుకుంటాయి. నీళ్లలో తడిపి, విడివిడిగా బయట ఆరేసి పారేయాలి.

వార్నిష్ వేయలేదు, వేయను. వాన్ గో తన పనిలో మెరుపు కోరుకోలేదు. కోటులో అక్కడక్కడా వెలిసినట్టున్న చోట, బాగా ఆరాక లిన్సీడ్‌లో టర్పెంటైన్ సగానికి సగం కలిపి గుడ్డతో అద్ది తుడిస్తే రంగు తిరిగి లేచింది.

ఖర్చు: కొక్కేలు, తీగ, వెనక అట్ట ₹210.
మొత్తం: ₹9,770.

ఇప్పటి పరిస్థితి: కోటు, వెనక పచ్చ గట్టిపడ్డాయి. గడ్డం ఎత్తైన చోట గోరు నొక్కితే ఇంకా దిగుతోంది, గోడకి తగిలించడం వచ్చే ఎండాకాలం తర్వాతే. ఎడమ భుజం అంచు గీత ఒకచోట నీలంలో మునిగింది. అది దిద్దాలి, అల్ట్రామెరైన్‌తో ఒక్క గీత పని.

తర్వాత బోస్టన్ రూలిన్ పెట్టుకుంటున్నాను. 81.3 × 65.4 సెం.మీ. నిలువున 15, అడ్డంగా 12 గళ్లు వేస్తే గడి 5.42 × 5.45 వస్తుంది, చదరానికి మిల్లీమీటరులో పదింట మూడు వంతుల తేడా, అది పట్టించుకోనక్కర్లేదు. అందులో రెండు చేతులూ ఉన్నాయి. వాటి కోసం బాబాయిని మళ్లీ రమ్మన్నాను, కుర్చీలో కూర్చోబెట్టి ముందు బొగ్గుతో గీయాలి.